రాసినవాడికీ వాటా ఉంది

ఉదయకిరణ్‌ది మంచి చేతిరాత. నరసాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖల మీద పేర్లు రాయడానికి అతనికి కబురొచ్చేది. వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, దీపాలు చూసుకునే మనిషి. కొడుకు పాస్టరు కావాలని ఆయన కోరిక. కిరణ్‌కీ అదే కోరిక. కానీ డిగ్రీ రెండో ఏడాదిలో నాన్న మంచానపడ్డాడు. కిరణ్ చదువు మానేసి పైపు ఫిట్టింగు నేర్చుకుని, పాతికేళ్ళ వయసులో సౌదీలోని జుబైల్ చేరాడు. ఇప్పుడు ముప్ఫై నాలుగు. భార్య ఆశా ఊళ్ళోనే ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది.

రెండేళ్ళ కిందట రాజమండ్రి వైపు ఒక బైబిలు కాలేజీలో పోస్టు ద్వారా చదివే వేదాంతం కోర్సు ఉందని తెలిసి చేరాడు. ఫీజు ఎక్కువే. ఆ మాట క్యాంపులో ప్రభుదాసు గారి చెవిన పడింది.

దాసు గారు స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టేవాళ్ళకి ఫోర్‌మన్. యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా జుబైల్‌లోనే ఉన్నాడు. శుక్రవారం పొద్దున కిరణ్ ఉండే పద్నాలుగో నంబరు గదిలో తలుపు వేసుకుని, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకునే పదిహేను మందికి ఆయనే పెద్ద. ప్రార్థన నడిపి వాక్యం చెప్పేది మాత్రం కిరణ్. ఎవరింట్లో చావు కబురొచ్చినా మొదట జేబులో చెయ్యి పెట్టేది ఆయనే. అప్పులిచ్చేదీ ఆయనే. నూటికి నెలకి పది. హామీగా మనిషి తన ఏటీఎం కార్డు, దాని పిన్ నంబరు ఆయనకివ్వాలి. తెల్లకాగితం మీద సంతకం, వేలిముద్ర వేసివ్వాలి. జీతాల రోజున దాసు గారు రబ్బరు బ్యాండు చుట్టిన కార్డుల కట్ట పట్టుకుని పెట్రోలు బంకు పక్కనున్న ఏటీఎంకి వెళ్ళి, తన వడ్డీ మినహాయించుకుని, మిగిలింది ఎవరిది వాళ్ళ చేతిలో పెడతాడు.

"నా చిట్టా రాసిపెట్టు కిరణ్. నాకు కళ్ళు సరిగా ఆనట్లేదు. నెలకి రెండొందల రియాళ్ళిస్తాను. నీ ఫీజుకి సరిపోద్ది. దేవుడి పనికే కదా," అన్నాడు.

కిరణ్ ఒప్పుకున్నాడు. రెండేళ్ళు రాశాడు. పంతొమ్మిది పేర్లు, నెలనెలా తారీఖు, వచ్చిన వడ్డీ, ఉన్న అసలు. తను ఒకరికి అప్పు ఇవ్వలేదు, ఒకరి దగ్గర వడ్డీ తీసుకోలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాడంతే అనుకునేవాడు.

ఆ పంతొమ్మిది మందిలో బాలన్న ఒకడు. కోరుట్ల దగ్గర పల్లె. పైపుల వేడి బయటికి పోకుండా గాజుదూది చుట్టే పని. ప్రార్థనకి వచ్చేవాడు కాదు. పక్క గదిలో మంచం పక్కన చిన్న రాజన్న దేవుడి పటం పెట్టుకుని దానికే దండం పెట్టుకునేవాడు. భార్య దేవవ్వకి కరీంనగర్‌లో ఆపరేషనైతే దాసు గారి దగ్గర అయిదు వేల రియాళ్ళు తీసుకున్నాడు. నెలకి అయిదు వందలు వడ్డీ. ఇరవై రెండు నెలలు కట్టాడు. అంటే పదకొండు వేలు. అసలు అయిదు వేలూ అలాగే ఉంది. ఆ లెక్క రాసింది కిరణే. ఎప్పుడూ కూడి చూడలేదు.

ఫిబ్రవరిలో కాలేజీ నుంచి ఒక పని వచ్చింది. మధ్యయుగాల్లో చర్చి బోధకులు వడ్డీ వ్యాపారం గురించి ఏం రాశారు, చర్చి చట్టం ఏం చెప్పింది, పది పేజీలు రాసి పంపాలి. చదవాల్సినవి ఫోనుకి పంపారు. షట్‌డౌన్ మొదలైంది. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే ఆ ఆరు వారాలూ రోజుకి పన్నెండు గంటల పని. చదువుకోవడానికి బస్సు తప్ప చోటు లేదు. క్యాంపు నుంచి ప్లాంటుకి యాభై నిమిషాలు. పొద్దున అయిదింటికి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఫోను తీసేవాడు.

మొదట్లో అది పరీక్ష కోసం చదివే చదువే. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మనుషులు. ఊరూరా తిరిగి సంత వీధుల్లో నిలబడి అరిచి చెప్పిన బోధకులు. వడ్డీ తీసుకునేవాడు అమ్మేది కాలాన్ని, కాలం దేవుడిది, ఎండ లాగా అందరిదీ, కాబట్టి వాడు దొంగ అనేవారట. 1179లో రోములో జరిగిన పెద్ద సభ, బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవాడికి ప్రభురాత్రి భోజనపు రొట్టె ఇవ్వొద్దంది, అతని కానుక ముట్టుకోవద్దంది, అదే పాపంలో చస్తే క్రైస్తవుల శ్మశానంలో పాతిపెట్టొద్దంది. వందేళ్ళ తర్వాత ఇంకో సభ, తీసుకున్న వడ్డీ తిరిగివ్వకుండా రాసిన వీలునామా చెల్లదంది. ఎవరి దగ్గర తీసుకుంటే వాళ్ళకే ఇవ్వాలి. వాళ్ళు చనిపోతే వాళ్ళ వారసులకి. వారసులు దొరక్కపోతే పేదలకి. అంతేగానీ ఆ డబ్బు చర్చికి దానమిచ్చి చేతులు కడుక్కోవడం కుదరదు.

ఇవన్నీ కిరణ్ పరీక్ష కోసమే గుర్తుపెట్టుకున్నాడు. మార్చి రెండో వారంలో ఒకరోజు బస్సు ప్లాంటు గేటు దగ్గరికి వస్తుండగా ఒక మాట దగ్గర ఆగిపోయాడు. వడ్డీ పత్రం తెలిసి రాసిపెట్టినవాడికీ ఆ పాపంలో వాటా ఉంది, తిరిగివ్వాల్సిన బాధ్యతలోనూ వాటా ఉంది.

మళ్ళీ చదివాడు.

బస్సు ఆగింది. అందరూ దిగుతున్నారు. కిరణ్ ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. వెనక సీట్లో బాలన్న దిగలేదు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, తల కిటికీకి ఆనించి ఉన్నాడు.

"బాలన్నా, వచ్చేశాం. లే."

భుజం మీద చెయ్యి వేశాడు. తల కిటికీ మీంచి జారి ముందుకి పడింది.

"మహబూబ్! మహబూబ్ భాయ్! తొందరగా రా!"

డ్రైవరు మహబూబ్ కడప వైపు మనిషి. పరుగెత్తుకుంటూ లోపలికొచ్చి బాలన్న చెయ్యి పట్టి చూశాడు, ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. అంబులెన్సు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. ఆ తొమ్మిది నిమిషాలూ కిరణ్ బాలన్న గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. వాళ్ళు వచ్చి అతన్ని పక్కకి జరిపారు. గుండెపోటు, ఎప్పుడో ప్రాణం పోయింది అన్నారు.

శవం ఆస్పత్రి మార్చురీలో ఉంది. పోలీసు కాగితం, ఆస్పత్రి కాగితం, ఎంబసీ కాగితం, ఊరి నుంచి దేవవ్వ వేలిముద్ర వేసిన కాగితం, ఇవన్నీ కలిస్తే గానీ విమానం ఎక్కదు. కనీసం మూడు వారాలన్నారు. పదకొండేళ్ళ సర్వీసుకి కంపెనీ నుంచి రావాల్సింది ఎనిమిదిన్నర వేల రియాళ్ళ దాకా ఉంటుందని ఆఫీసులో చెప్పారు.

నాలుగో రోజు సాయంత్రం డ్యూటీ దిగాక దాసు గారు కిరణ్‌ని తన గదికి పిలిచాడు. తలుపు గడియ వేశాడు. బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టాడు. కింద బాలన్న తెలుగు సంతకం, పక్కన నీలం వేలిముద్ర. పైనంతా ఖాళీ.

"రాయి," అన్నాడు. "బాలన్న ఎనిమిది వేలు తీసుకున్నట్టు. నిరుడు మార్చి తారీఖు వెయ్యి. ఇంగ్లీషులో ఒకటి, కింద తెలుగులో ఒకటి."

"తీసుకుంది అయిదు వేలే కదండీ."

"నాకు తెలీదా? శవం దిగేసరికి ఖర్చులంటూ అందరూ ఆవిడ మీద పడతారు. ఆ కంపెనీ డబ్బు మీద మనం ముందుండాలి. కంపెనీ వినకపోయినా కోరుట్లలో నా మనిషి ఉన్నాడు. ఈ కాగితం ఫొటో ఊళ్ళో పెద్దమనుషుల ముందు పెడితే ఆవిడే ఇస్తుంది."

"అయిదు వేలకి పదకొండు వేలు కట్టాడండి. నిన్న నేను కూడి చూశాను."

"కూడమని ఎవడు చెప్పాడ్రా నిన్ను?"

కిరణ్ పెన్ను ముట్టుకోలేదు. దాసు గారు కుర్చీ ముందుకి లాక్కుని గొంతు తగ్గించాడు.

"చూడు నాయనా. అప్పులు ఇచ్చానని నా మీద ఎవడైనా నోరెత్తితే, చిట్టా ఎవరి రాతది? నాదా? అందులో నా అక్షరం ఒక్కటి చూపించు. ఈ దేశంలో లైసెన్సు లేకుండా వడ్డీకి తిప్పితే ఏం చేస్తారో నీకు తెలుసు. ఆ పద్నాలుగో గదిలో ప్రార్థన నడిపేది ఎవరు? నువ్వు. నాకు ఇంకో రెండేళ్ళే. నీకు చిన్న వయసు. శుక్రవారం దాకా టైమిస్తున్నా."

కాగితం మడిచి కిరణ్ చొక్కా జేబులో పెట్టాడు.

మర్నాడంతా ఆ కాగితం జేబులో ఉండగానే పని చేశాడు. రెండుసార్లు పైపు కొలత తప్పు తీసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం టైములో ఆశాకి ఫోను చేసి అంతా చెప్పాడు.

"ఆ డబ్బుతోనే కదా నువ్వు చదువుతోంది?" అంది ఆమె.

"అవును."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"చెబితే వద్దంటావని."

"తెలిసే చేశావన్నమాట," అంది. "రాయొద్దు. ఉద్యోగం పోతే పోనీ. కానీ చిట్టా సంగతి బయటికొస్తే నిన్ను లోపలేస్తారేమో. నా భయమంతా అదే," అంది.

అతను అన్నం డబ్బా మూసి మళ్ళీ పనిలోకి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పద్నాలుగో గదిలో అందరూ చేరారు. మంచాలు గోడకి జరిపి, కింద దుప్పట్లు పరిచారు. తలుపు సందులో తువ్వాలు పెట్టారు. ఆ రోజు బాలన్న కుటుంబానికి చందా. మన గుంపు మనిషి కాకపోయినా మన బస్సు మనిషే అని అందరూ ఒప్పుకున్నారు. గుడ్డసంచి చేతులు మారుతూ వచ్చింది. యాభై, ఇరవై, వంద. దాసు గారి దగ్గరికి వచ్చేసరికి ఆయన వంద నోట్లు పది, ఒక్కొక్కటి కనపడేలా లెక్కపెట్టి వేశాడు. ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు.

సంచి కిరణ్ చేతికొచ్చింది. లోపలికి చెయ్యి పెట్టి ఆ పది నోట్లూ తీశాడు. లేచి వెళ్ళి దాసు గారి మోకాలి పక్కన పెట్టాడు.

"ఇది తీసుకోలేమండి."

"ఏంటది?" అన్నాడు దాసు గారు, నవ్వబోయి.

"వడ్డీ తీసుకున్నవాడి కానుక చర్చి ముట్టుకోకూడదని ఎనిమిది వందల ఏళ్ళ కిందటే చట్టం చేశారండి. ఎవరి దగ్గర తీసుకుంటే వాళ్ళకి తిరిగివ్వాలి. చనిపోతే వాళ్ళింట్లో వాళ్ళకి. చందా అని కాదు, బాకీ అని ఇవ్వాలి." అందరి వైపూ తిరిగాడు. "రాసిపెట్టినవాడికీ అందులో వాటా ఉందన్నారు. దాసు గారి చిట్టా రెండేళ్ళుగా రాసింది నేను. నెలకి రెండొందలు తీసుకున్నాను. మీలో ఆరుగురి పేర్లు అందులో ఉన్నాయి. మీకు ఇన్నాళ్ళూ వాక్యం చెప్పింది ఆ చేత్తోనే."

తలలు వంగాయి. ఆ ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దాసు గారు లేచి నిలబడ్డాడు. "అది కేథలిక్కుల చట్టం. పోపుగారి చట్టం. మనకెందుకు? బ్యాంకులు తీసుకోవట్లేదా? అవసరమని నా కాళ్ళు పట్టుకున్నప్పుడు ఈ చట్టం ఎవడూ చదవలేదే?"

"చట్టం వాళ్ళదేనండి. డబ్బు మాత్రం బాలన్నది."

జేబులోంచి తెల్లకాగితం తీశాడు. "దీని మీద ఎనిమిది వేలని రాయమన్నారు. నేను రాయను."

దాసు గారు చెయ్యి చాచాడు. కిరణ్ ఇవ్వలేదు, చించలేదు. మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. దాసు గారు నోట్లు ఏరుకుని, తలుపు సందులోని తువ్వాలు కాలితో తన్ని వెళ్ళిపోయాడు. తలుపు బార్లా తెరిచే ఉండిపోయింది. వరండాలో వెళ్తున్న ఇద్దరు బంగ్లాదేశీలు ఆగి లోపలికి చూశారు. గదిలోవాళ్ళలో ఒకడు పరుగున లేచి తలుపు మూశాడు.

ఆ రోజు ప్రార్థన సగంలోనే ఆగింది.

తర్వాతి నాలుగు రోజులూ ఏమీ జరగలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. మెస్సులో కిరణ్ ఉన్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. బస్సులో పక్క సీటు ఖాళీ. తన దగ్గరే ఉన్న చిట్టాని ప్లాస్టిక్ కవరులో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున పెట్టాడు. కాల్చేద్దామనుకున్నాడు. కాలిస్తే తను బయటపడతాడు. కానీ ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారన్న లెక్క దానితోనే పోతుంది. అది ఉంటే తనకి జైలు. అది లేకపోతే ఎవరికీ పైసా తిరిగిరాదు. నాలుగు రోజులు ఆ పెట్టె మోసుకుంటూ తిరిగాడు.

అయిదో రోజు సాయంత్రం తలుపు మీద గట్టిగా కొట్టారు. క్యాంపు బాస్. ఈజిప్టు మనిషి, పొడుగ్గా ఉంటాడు. వెనక సెక్యూరిటీ ఇద్దరు.

"కిరణ్ కౌన్?"

"నేనే," అన్నాడు కిరణ్, లేచి.

బాస్ గదంతా చూశాడు. నాలుగు మంచాలూ చూశాడు. పనిముట్ల పెట్టె మీద కన్ను పడి, జరిగింది.

వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఈ గదిలో పదిమంది కూడుతున్నారని ఫోనొచ్చింది. ఎందుకు కూడుతున్నారో తను అడగడు. గదిలో పడుకునే నలుగురు తప్ప అయిదో మనిషి కనిపించకూడదు. మళ్ళీ ఫోనొస్తే నేరుగా ఎగ్జిట్, దేశం నుంచే పంపించేస్తారు. కిరణ్ ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు తీసుకుని, ఫొటో తీసుకుని, తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

కిరణ్ తలుపు మూశాడు. ఫోను చేసింది ఎవరో గదిలో అందరికీ తెలుసు. ఎవరూ పేరెత్తలేదు.

మర్నాడు పొద్దున బస్సెక్కుతుంటే మహబూబ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ముందు సీట్లో కూచో అన్నా. మాట్లాడాల."

బస్సు హైవే ఎక్కాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "ఆ చిట్టాలో నా పేరు ఎన్నో నంబరు?"

"ఏడు."

"నేను వడ్డీకి తీసుకున్నానని మా ఇంట్లో తెలిస్తే మా నాయన నన్ను గడప తొక్కనియ్యడు. మా దీన్‌లో, మా మతంలో, వడ్డీ తినేటోనికే కాదన్నా, ఇచ్చేటోనికీ, రాసేటోనికీ, సాచ్చిగా నిలబడేటోనికీ అందరికీ పాపమే. చిన్నప్పుడు మసీదులో విన్నా. నువ్వు మీ చర్చిలో అదే మాట చెప్పినావంట గదా." గేరు మార్చాడు. "జీతాలు ఇంకా నాలుగు దినాలు. కార్డు ఆయప్ప దగ్గరుంటే ఏమాయె? ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి బ్లాక్ కొడితే అయిపోయె గదా. కొత్త కార్డు మిషన్లోనే తీసుకోవచ్చు. ఇన్నాళ్ళూ మాకెవరికీ ఈ బుద్ధి రాలేదు."

"సంతకం పెట్టిన కాగితాలు ఆయన దగ్గరున్నాయి కదా భాయ్?"

"వాటి మీద రాసేదానికి నువ్వు ఉండావా?"

ఆ నాలుగు రోజుల్లో మాట ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకింది. కిరణ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి మాత్రం చిట్టా తెరిచి వాళ్ళ పేజీ చూపించాడు. కూడి చూపించాడు, కాలేజీకి రాసిన పది పేజీలూ వాళ్ళ ఫోన్లకి పంపాడు. ఒకతను మూడు వేలు తీసుకుని ఏడు వేల రెండొందలు కట్టాడు. అంకె చూసి ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు.

జీతాల రోజు సాయంత్రం అయిదున్నరకి బస్సు పెట్రోలు బంకు దగ్గర ఆగింది. కిరణ్ దిగలేదు, కిటికీలోంచి చూశాడు. ఏటీఎం ముందు దాసు గారు. మొదటి కార్డు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. రెండోది పెట్టాడు. మిషను దాన్ని మింగేసింది. ఆయన రెండు చేతులతో దాని మొహం మీద కొట్టాడు. వెనక వరుసలో నిలబడ్డ నేపాలీ ఏదో అన్నాడు. మూడోది, నాలుగోది. అయిదో కార్డు మాత్రం పనిచేసింది, అది ఎవరో భయస్తుడిది. ఆయన వెనక్కి తిరిగి బస్సు వైపు చూశాడు. ఒక్కొక్క కిటికీలో ఒక్కొక్క మొహం. ఎవరూ నవ్వలేదు. మహబూబ్ బస్సు తీశాడు.

ఆ వారమంతా కిరణ్ వెనక ఎవరైనా నడిస్తే తిరిగి చూసేవాడు. ప్లాంటులో స్కాఫోల్డింగ్ కింద నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. దాసు గారు పై నుంచి ఏదైనా పడేస్తాడని కాదు. పడేయడని ఖచ్చితంగా చెప్పలేక.

శనివారం డ్యూటీ దిగాక ఆయనే వచ్చాడు. క్యాంపు వెనక, ఏసీ నీళ్ళు కారే గోడ దగ్గర కిరణ్ బట్టలు ఆరేస్తున్నాడు. దాసు గారు ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కిరణ్ చేతిలో తడిచొక్కా అలాగే ఉంది.

"ఆ ఫోను నేనే చేశాను," అన్నాడు దాసు గారు.

"తెలుసండి."

"నేనొచ్చిన కొత్తలో ఏజెంటు అప్పు నా నెత్తిన ఉంది. నూటికి పన్నెండు. నాలుగేళ్ళు కట్టాను. మా అమ్మ పోతే వెళ్ళలేదు. అప్పుడే అనుకున్నా, ఈ ఎడారిలో ఇచ్చే చెయ్యే బతుకుద్ది, తీసుకునే చెయ్యి బతకదు అని." మొహం తుడుచుకున్నాడు. "ఆ చట్టంలో ఇంకేం ఉంది? పాతిపెట్టొద్దన్నారా?"

కిరణ్ ఆ మాట గదిలో చెప్పలేదు. ఎవరి ఫోన్లోనో తన పది పేజీలు చదివించుకుని ఉంటాడు.

"అవునండి. తిరిగివ్వకుండా చస్తే."

"నేనిక్కడ చస్తే నా పెట్టె దగ్గర నువ్వు ప్రార్థన చెయ్యవా?"

ఆ ప్రశ్న ఆయన కోపంగా అడగలేదు. చేస్తానంటే మాట తేలిపోతుంది. చెయ్యనంటే ఎదురుగా ఉన్నది యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

"తిరిగిచ్చాక చేస్తానండి," అన్నాడు.

"ఎంతమందికని ఇవ్వను? పాత వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో!"

"ఈ పంతొమ్మిది మంది పేర్లూ నా దగ్గరున్నాయండి. బాలన్నతో మొదలుపెట్టండి."

దాసు గారు లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత మూడు వేల రియాళ్ళు, పద్దెనిమిది తెల్లకాగితాలు కవర్లో పెట్టి మహబూబ్ చేత పంపాడు. మూడు వేలు బాలన్న ఇంటికి. కాగితాలు ఎవరివి వాళ్ళకి. బాలన్నకి రావాల్సింది దాని కంటే చాలా ఎక్కువ. తక్కినవాళ్ళకి వడ్డీ ఏమీ తిరిగిరాలేదు, మిగిలిన అసలు మాత్రం అడగడం మానేశాడు. జూన్‌లో కంపెనీకి రాజీనామా ఇచ్చి ఎగ్జిట్ మీద వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కిరణ్‌తో మాట్లాడలేదు. ఇది పశ్చాత్తాపమో భయమో కిరణ్‌కి ఇప్పటికీ తెలీదు. మంచి జరిగిందా అని ఎవరైనా అడిగితే, సగం జరిగిందంటాడు.

తన వాటా నాలుగు వేల ఎనిమిది వందలు. అది మూడు నెలల్లో కూడబెట్టి, పంతొమ్మిది మందికీ తలా సుమారు రెండు వందల యాభై ఇచ్చాడు. ఒకతను తీసుకుని అతని మొహం మీదే తలుపు వేశాడు. ఒకతను తీసుకోనన్నాడు. మహబూబ్ తీసుకుని లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. "హక్కు గదన్నా," అన్నాడు. శుక్రవారం ప్రార్థనలు మళ్ళీ మొదలు కాలేదు. ఇద్దరు ముగ్గురు ఫోన్లో కలుస్తారు.

బాలన్న శవం అప్పటికే ఇంటికి చేరింది. ఏప్రిల్ మొదటి వారంలో ఎగిరింది. కిరణ్ డబ్బు పంపాడు గానీ, ఫోను చెయ్యడానికి ధైర్యం చాలక రోజులు గడిపాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నంబరు నొక్కాడు.

"ఎవలు?" అంది అటువైపు దేవవ్వ.

"అమ్మా, నా పేరు కిరణ్. జుబైల్ నుంచి. బాలన్న గారితో ఒకే బస్సులో వెళ్ళేవాణ్ణి."

"పైసలు పంపింది నువ్వేనా బిడ్డా? ముట్టినయ్."

"అవి దానం కాదమ్మా. మూడు వేలు బాలన్న కట్టిన వడ్డీలోవి. రెండు వందల యాభై నావి. ఆ వడ్డీ లెక్క రాసింది నేను. ఇరవై రెండు నెలలు నేనే రాశాను."

అవతల కోడి అరుస్తోంది. ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు.

"రాసినప్పుడు నీకు తెల్వదా బిడ్డా?"

"తెలుసమ్మా."

ఆమె తిట్టలేదు. పర్వాలేదనీ అనలేదు. ఫోను పెట్టేస్తుందేమో అనుకున్నాడు.

"ఆయన పోయిన దినం నువ్వు ఉన్నవా?"

"ఉన్నానమ్మా. ముందు సీట్లోనే ఉన్నాను."

"పొద్దుగాల ఏమన్న తిన్నడా?"

కిరణ్ ఆ రోజు నాలుగున్నరకి మెస్సులో చూసిందంతా గుర్తు తెచ్చుకున్నాడు. "తిన్నాడమ్మా. రెండు రొట్టెలు, పప్పు. పప్పులో ఉప్పు లేదని వంటాయన మీద నోరు చేసుకున్నాడు. ఉప్పు డబ్బా అడిగి తెప్పించుకుని వేసుకున్నాడు."

"మస్తుగ ఏసుకున్నడా?"

"చెంచాడు వేసుకున్నాడమ్మా."

"ఉప్పు తినద్దని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేదాన్ని," అంది దేవవ్వ. ఆ మాటతో ఆమెకి ఏడుపొచ్చింది. కిరణ్ ఫోను చెవికి ఆనించుకుని, ఆమె ఏడ్చినంతసేపూ నిలబడ్డాడు.